ఎల్సా బిగించిన బ్రేకు

“ముందు చక్రం బ్రేకు నువ్వే విప్పి నువ్వే బిగించావా? దార్లో ఊడిపోతే? వెనకాల ట్రక్కు వస్తుంటే?”

ఎల్సా తలెత్తలేదు. సింకు దగ్గర నిలబడి, గోళ్ల సందుల్లో నలుపును పాత టూత్‌బ్రష్షుతో తోముకుంటోంది.

“కుఛ్ నహీ హోగా మమ్మీ. అరిగిపోయిన ప్యాడ్లు తీసి కొత్తవి వేశాను, అంతే. సుభా ఆంటీ పక్కనే ఉంది. రెండుసార్లు చెక్ చేసింది.”

“ఆవిడ చెక్ చేస్తే దేవుడు చెక్ చేసినట్టా?”

“ఆంటీ ఇంజనీర్ హై.”

“కంప్యూటర్ ఇంజనీరు. స్కూటీ ఇంజనీరు కాదు.”

నవ్వింది. అది నా మాటకు వచ్చిన నవ్వు కాదు. కింద పార్కింగులో ఇద్దరూ దేనికో నవ్వుకుని ఉంటారు, దాని తోక ఇంకా మిగిలి ఉన్నట్టుంది.

ఢిల్లీ పక్కన వైశాలిలో ఈ బిల్డింగుకు వచ్చి మాకు పదహారేళ్లయింది. మావారు నథానియేలు ఒక ఆస్పత్రి లాండ్రీలో సూపర్‌వైజరు. ఎల్సా మాకు ఒక్కతే సంతానం. నోయిడాలో ఐసీయూ నర్సు. నేను పదో తరగతి తప్పినదాన్ని. ఇంట్లో ఉండి భయపడటమే నా ఉద్యోగమని మావారు వెక్కిరిస్తారు. వెక్కిరించనీ. ఈ ఊళ్లో పిల్ల స్కూటీ మీద పోయి స్కూటీ మీద తిరిగొచ్చేదాకా ఏ తల్లికి స్థిమితం ఉంటుంది?

సుభాషిణి మా కింద ఫ్లోరులో ఉంటుంది. హైదరాబాదు మనిషి. నలభై దాటాయి, పిల్లలు లేరు. ఇంట్లోనే కూర్చుని ఆఫీసు పని చేసుకుంటుంది. భర్త గురుగ్రామ్ ఆఫీసుకు పోయి ఎప్పుడో వస్తాడు. వాళ్ల నాన్నకు స్కూటర్లంటే పిచ్చట. ఆయన దగ్గర నేర్చుకుని, తన బండి తనే బాగు చేసుకుంటుంది. ఆ సంగతి మాకు పోయిన జూన్‌లో తెలిసింది. తెలియకపోయినా బాగుండేది.

ఆ రోజు ఎల్సా స్కూటీని తోసుకుంటూ గేటులోకి రావడం బాల్కనీ నుంచి చూశాను. మండుటెండ. ముఖం కందిపోయింది. నీళ్ల సీసా పట్టుకుని పరుగున మెట్లు దిగాను. నేను కిందికి చేరేసరికి సుభాషిణి బండి ముందు గొంతుక్కూర్చుని ప్లగ్గు బయటికి తీసింది. గరుకు కాగితంతో దాని మూతి రుద్ది, “ఇప్పుడు నువ్వు పెట్టు” అని ఎల్సా చేతికిచ్చింది. ఎల్సా పెట్టింది. బటన్ నొక్కగానే బండి బుర్రుమంది.

నా కూతురి ముఖంలో అంత వెలుగు నర్సింగు సీటు వచ్చిన రోజున చూశాను, మళ్లీ అప్పుడు చూశాను. నా చేతిలో సీసా అలాగే ఉంది. సుభాషిణి సీసాలోంచి ఎల్సా అప్పటికే తాగేసింది.

అప్పట్నుంచి ఆదివారాలు పోయాయి నాకు. అంతకుముందు ఆరాధన నుంచి రాగానే నా పక్కన కూర్చుని వెల్లుల్లి ఒలిచేది. కోడికూర ఉడికేలోపు వార్డు కబుర్లన్నీ చెప్పేది. ఇప్పుడు చర్చి బట్టలు మార్చుకుని, ఏదో పాత టీషర్టు తగిలించుకుని కిందికి పోతుంది. ఇంజనాయిలు ఎలా మార్చాలి, గాలి ఫిల్టరు ఎలా దులపాలి, చక్రంలో గాలి ఎంత ఉండాలి. అన్నం తింటున్నా అదే మాట. “సుభా ఆంటీ చెప్పింది”, “సుభా ఆంటీ అలా కాదంది.” పుట్టినరోజుకు చుడీదారు గుడ్డ తెస్తానంటే, “స్పానర్ సెట్ ఇప్పించు మమ్మీ” అంది. నేను గుడ్డే కొన్నాను. అది అల్మారాలో ఉంది. స్పానర్ సెట్ సుభాషిణి ఇచ్చింది.

నర్సింగు కాలేజీ రోజుల నుంచి ఎల్సాకు ఒక అలవాటుండేది. డ్యూటీకి చేరగానే ఫోన్ చేసి, “పహుంచ్ గయీ మమ్మీ” అనేది. ఆ ఒక్క ముక్క వింటేనే నేను టీ తాగేదాన్ని. దాన్ని కూడా మానేసింది. “గాడీ సంగతి ఇప్పుడు నాకు తెలుసు. ఆగిపోతే నేనే చూసుకుంటాను. రోజూ ఫోన్ ఎందుకు?” అంది.

వీటన్నిటినీ మింగాను. మింగలేనిది ఒకటి జరిగింది. ఒకరోజు బాల్కనీలో బట్టలు తీస్తుంటే కింద నుంచి ఎల్సా గొంతు వినిపించింది. వార్డులో ఎనిమిదేళ్ల పాప తన చేతుల్లోనే పోయిందట. బాత్‌రూములో కూర్చుని అరగంట ఏడ్చిందట. మూడు రోజుల కిందటి మాట. మూడు రోజులూ నా ఎదుట మామూలుగానే తిని, మామూలుగానే పడుకుంది.

“అమ్మకు చెప్పినవా?” అని సుభాషిణి అడిగింది.

“మమ్మీకా? తను నాకంటే ఎక్కువ ఏడుస్తుంది. ఫిర్ ముఝే హీ ఉసే సంభాల్నా పడేగా.”

నన్ను ఓదార్చే పని కూడా తన మీదే పడుతుందట! తీసిన బట్టలు గుండెకు హత్తుకుని లోపలికొచ్చేశాను.

ఇక ఆ బ్రేకు సంగతి. పాస్టరుగారు ఉపవాస కూడికలో ప్రార్థించి ఇచ్చిన ఆలివ్ నూనె సీసా మా ఇంట్లో ఎప్పుడూ ఉంటుంది. పరీక్షలకు పోయేటప్పుడు ఎల్సా నుదుటికి అదే. మావారి మోకాలికి అదే. ఒకసారి ఫ్రిజ్ ఆగిపోతే దానికీ రాశాను. గంటకు కరెంటు వచ్చింది.

ఎల్సా బ్రేకు బిగించిన మర్నాడు, సోమవారం తెల్లవారాక, అది స్నానానికి పోగానే ఆ సీసా పట్టుకుని కిందికి దిగాను. హ్యాండిలుకు రాశాను. సీటుకు రాశాను. లైటుకు రాశాను. తర్వాత ముందు చక్రం దగ్గర కూర్చున్నాను. చిల్లుల చిల్లుల ఇనుప పళ్లెం అద్దంలా మెరుస్తోంది. బ్రేకు పట్టుకునేది దాన్నేనని ఎల్సా చెప్పగా విన్నాను. అన్నిటికంటే అక్కడే నూనె కావాలనిపించింది. అరచేతిలో పోసుకుని ఆ పళ్లేనికి రెండు పక్కలా బాగా పట్టించాను. కళ్లు మూసుకుని ప్రార్థన చేసుకున్నాను.

భయం వల్లే చేశానని నాకు నేను చెప్పుకున్నాను. ఒక్క భయమే అయితే సీటుకు రాసి పైకి వచ్చేసేదాన్ని. ఆ బ్రేకు మీద సుభాషిణి చెయ్యి పడింది, నా చెయ్యి పడలేదు. నా కడుపులో మంట అది.

అరగంటకు ఎల్సా బయల్దేరింది. బాల్కనీలో నిలబడి చూస్తున్నాను. గేటు దగ్గర సొరకాయల బండి అడ్డం తిరిగింది. ఎల్సా బ్రేకు నొక్కడం పైనుంచే తెలుస్తోంది, ఒళ్లంతా బిగిసింది. బండి ఆగలేదు. జారుకుంటూ పోయి సొరకాయల బండిని గుద్ది పక్కకు పడింది.

ఎలా దిగానో తెలియదు. ఎల్సా మోకాలు చెక్కుకుపోయింది. ఎడమ మణికట్టు బెణికింది. అంతకు మించి ఏమీ కాలేదు, దేవునికి స్తోత్రం. సుభాషిణి చెప్పులు కూడా లేకుండా పరుగెత్తుకొచ్చింది. ముందు పిల్లను తడిమి చూసింది, తర్వాత చక్రాన్ని చూసింది. ఆ ఇనుప పళ్లేన్ని వేలితో తాకి, రెండు వేళ్ల మధ్య రుద్దింది.

“డిస్క్ మీద నూనె ఉంది, ఎల్సా.”

“నేను స్పిరిట్‌తో తుడిచాను ఆంటీ. దో బార్.”

“తుడిచినవ్, నేను చూసిన. తర్వాత మళ్ల ఎక్కడన్న చెయ్యి తగిలిందేమో. ఆఖర్ల నేను ఇంకోసారి చూడాల్సుండె. తప్పు నాదే.”

అప్పుడే తెలిసింది నాకు. నా అరచేతులు ఇంకా జిడ్డుగానే ఉన్నాయి. చీర కొంగులో చుట్టుకున్నాను. చెప్పాల్సిన మాట గొంతుదాకా వచ్చింది. బయటికి వచ్చింది మాత్రం వేరే మాట.

“నేను మొదట్నుంచీ మొత్తుకుంటూనే ఉన్నాను! ఇవి ఆడపిల్ల చేసే పనులేనా? మీ కడుపున పుట్టిన పిల్లయితే ఇలా ఆడుకునేవారా?”

గార్డు ఉన్నాడు, సొరకాయలాయన ఉన్నాడు. తెలుగు రాని వాళ్లకు కూడా అర్థమైనట్టుంది, అందరూ సుభాషిణి వైపు చూశారు. ఆమె ముఖం పాలిపోయింది.

“సారీ అక్కా” అని, స్కూటీని తనే లేపి పార్కింగులో పెట్టి వెళ్లిపోయింది.

ఆ తర్వాత పదిహేను రోజులు నేను కోరుకున్నవన్నీ నాకు దొరికాయి. ఎల్సా మెట్రోలో పోయి వచ్చింది. చేరగానే ఫోన్ చేసింది. ఆదివారం నా పక్కన కూర్చుని వెల్లుల్లి ఒలిచింది. సుభాషిణి ఒకసారి బత్తాయిలు పట్టుకుని వచ్చింది. “పడుకుందండీ” అని గుమ్మంలోనే చెప్పి పంపేశాను. ఎల్సా లోపల మేలుకునే ఉంది. వినబడి ఉంటుంది. అయినా లేచి రాలేదు. నాకు ఎంత హాయిగా అనిపించిందో చెప్పడానికి సిగ్గేస్తోంది.

కానీ వెల్లుల్లి ఒలుస్తుందే తప్ప కబుర్లు లేవు. గ్యాసు కట్టేసి వంటింట్లోంచి పోతుంది, మళ్లీ వెనక్కి వచ్చి చూస్తుంది, మళ్లీ వస్తుంది. తలుపుకు గడియ వేసి మూడుసార్లు లాగి చూస్తుంది. మొదట్లో, పోన్లే, నా జాగ్రత్త వచ్చిందిలే అనుకున్నాను.

ఒక సాయంత్రం దాని తోటి నర్సు అనుగ్రహ నాకు ఫోన్ చేసింది. కాకినాడ పిల్ల, మా చర్చికే వస్తుంది.

“ఆంటీ, ఎల్సాకి ఏమైందండీ? ఇంజెక్షను లోడ్ చేసి ప్రతిసారీ నాకు చూపిస్తోంది. సరిగ్గానే ఉందే అంటే మళ్లీ చూడమంటోంది. ఐసీయూ వద్దు, ఓపీడీలో చీటీలు రాసే సీటు ఇవ్వండని కాగితం రాసుకుందండీ. సోమవారం ఇచ్చేస్తుందట. మీరైనా చెప్పండి, మా బ్యాచ్‌లో దానంత మంచి చెయ్యి ఎవరికీ లేదు.”

ఎల్సా రాగానే అడిగాను. “ఐసీయూ ఎందుకే మానేస్తున్నావు?”

బ్యాగు కూడా తియ్యకుండా మంచం మీద కూర్చుంది.

“నాకు పక్కాగా గుర్తుంది మమ్మీ. రెండుసార్లు తుడిచాను. ఏ గుడ్డతో తుడిచానో కూడా గుర్తుంది. ఫిర్ భీ నూనె ఉంది. నాకు గుర్తున్నదే అబద్ధమైతే, రేపు ఐసీయూలో మందు ఎక్కించాననుకుని ఎక్కించకపోతే? ఎక్కించిందే మళ్లీ ఎక్కిస్తే? నా చేతులు చూస్తే నాకే భయమేస్తోంది.”

ఏదైనా జరిగిపోతే? ఎవరైనా చచ్చిపోతే? ఆ మాటలు నావి. ఇరవై నాలుగేళ్లుగా మా ఇంట్లో నేను ఒక్కదాన్నే మాట్లాడిన మాటలు. ఇప్పుడు దాని నోట విన్నాను. భయం నాతో ఆగాలి కదా. నేను పడుతున్నది చాలదా?

ఆ రాత్రి మావారితో అంతా చెప్పాను. ఆయన నన్ను పేరు పెట్టి పిలిచి, “ప్రేమా, నాకు చెప్పి ఏం లాభం?” అని అటు తిరిగి పడుకున్నారు.

మర్నాడు ఆదివారం. ఆరాధన నుంచి వచ్చాక ఎల్సా వెల్లుల్లి పళ్లెం తెచ్చుకుని కూర్చుంది. దాన్ని పక్కకు నెట్టాను.

“చెప్పులేసుకో. కిందికి రా.”

“క్యోఁ?”

“రమ్మంటున్నానా?”

వంటింట్లోనే దాని ఒక్కదానికే చెప్పి ఉండొచ్చు. కానీ సుభాషిణిని నేను నలుగురిలో అన్నాను. దిగుతూ ఆమె తలుపు కూడా కొట్టాను. నన్ను చూసి ఆమె ఒక అడుగు వెనక్కి వేసింది.

“ఒక్కసారి పార్కింగులోకి రండి. మీతో పని ఉంది” అన్నాను.

స్కూటీ మీద దుమ్ము పట్టింది. దాని ముందు ముగ్గురం నిలబడ్డాం. గేటు దగ్గర గార్డు కుర్చీలో కూర్చుని ఇటే చూస్తున్నాడు.

“ఆ నూనె ఎల్సా చేతిది కాదు” అన్నాను. “నాది. ప్రార్థన నూనె. ఆ సోమవారం పొద్దున్న నేనే రాశాను, ఆ పళ్లేనికి రెండు పక్కలా. రాస్తే బండి ఆగదని నాకు తెలియదు, దేవుడి తోడు. కానీ మీరు వేలితో ముట్టుకోగానే నాకు తెలిసిపోయింది. తెలిసీ నోరు మూసుకున్నాను. పైగా మిమ్మల్ని అనరాని మాట అన్నాను. నా పిల్ల మీ దగ్గరికి రావడం మానేస్తుందని నోరు మూసుకున్నాను. మానేసింది కూడా.”

పై ట్యాంకుకు నీళ్లెక్కించే మోటారు రొద పెడుతోంది. ఎల్సా చూసింది, నన్ను కాదు, ముందు సుభాషిణిని చూసింది. అంతలోనూ నాకు చురుక్కుమంది. ఏం మనిషినో నేను!

“తిట్టవే. ఏదైనా అనవే” అన్నాను.

ఎల్సా చక్రం ముందు గొంతుక్కూర్చుంది. దుమ్ము అంటిన ఆ పళ్లెం మీద వేలితో గీత గీసింది. వేలు ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూసింది. ఇంకో పక్క కూడా గీసి చూసింది. మోటారు ఆగిపోయింది. గార్డు లేచి నిలబడి మళ్లీ కూర్చున్నాడు. నేను కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నాను. ఈ జన్మకు ఇక నాతో మాట్లాడదనుకున్నాను. సుభాషిణి కూడా నెమ్మదిగా వెనక్కి తిరిగి రెండడుగులు వేసింది.

ఎల్సా చక్రం మీద నుంచి కళ్లెత్తకుండానే అంది.

“ముందు చక్రానికేనా, వెనక టైరుకి కూడా పూశావా?”