పందొమ్మిదేళ్ళ తీగలు

మా కింగ్‌స్టన్‌లో బేస్ గిటార్ వాయించేవాళ్ళు పెళ్ళాన్నైనా మారుస్తారు గానీ తీగల్ని మార్చరు. ఈ మాట నేను చిన్నప్పటి నుంచీ వింటున్నదే. తీగలు కొనుక్కోలేనివాళ్ళు చెప్పుకునే సాకు అనుకుని నవ్వుకున్నదే. నా తెలివి అలాంటిది.

అప్పటికి నాలుగేళ్ళుగా మా దీవి ఉత్తర తీరంలో ఒక పెద్ద హోటల్లో వాయిస్తున్నాను. అక్కడ గ్లాసులు, నేల, మా పళ్ళు, అన్నీ తళతళలాడాలి. తీగలు కూడా. నెల తిరక్కుండానే కొత్తవి వేయించేవారు. ఆ నెల హోటల్‌కు రంగులేస్తున్నారని మమ్మల్ని ఇళ్ళకు పంపేశారు. నేను మా వీధికి, అంటే ఆబ్రీ మామ దగ్గరికి వచ్చిపడ్డాను.

ఆబ్రీ మామ మా అమ్మకు అన్నా కాదు, తమ్ముడూ కాదు. వీధి మొత్తానికి మామ. డెబ్బై మూడేళ్ళు. మా వీధి బ్యాండ్‌లో యాభై ఏళ్ళుగా బేస్ ఆయనదే. ఆ యాభయ్యో ఏడు పండగ ఆదివారం మధ్యాహ్నం, మిస్ ఐవీ పూటకూళ్ళ కొట్టు వెనక పెరట్లో. "నడుం పట్టేస్తోందే జసింతా. ఆదివారం వాయించాక నా చోటు ఎవరిదో చెప్పేస్తా" అన్నాడు. ఆ చోటు నాకు కావాలి. హోటల్లో జనం తింటూ వింటారు. ఇక్కడ జనం కళ్ళు మూసుకుని, గుండె మీద చెయ్యేసుకుని వింటారు. నేను తొమ్మిదేళ్ళప్పుడు ఆయన స్పీకర్ పెట్టెకు వీపు ఆనించి కూర్చుని బేస్ అంటే ఏమిటో వెన్నుపూసతో తెలుసుకున్నదాన్ని.

బుధవారం పొద్దున గిటారు నా చేతిలో పెట్టాడు. "కేబుల్ దూర్చే చోట వదులైంది, గరగరలాడుతోంది. బాగు చేయించి ఆదివారం దాకా నీ దగ్గరే ఉంచు" అన్నాడు. పెద్ద కచేరీకి ముందు ఆయన గిటారు ముట్టడు. బొటనవేలిని పస్తు పెడతాడు. ఆకలి మీదున్న వేలే మాట వింటుందని ఆయన లెక్క.

రిపేరు రెండు నిమిషాల్లో అయిపోయింది. అక్కడితో ఆగి ఉంటే ఈ కథే లేదు. ఇంటికొచ్చి గిటారు ఒళ్ళో పెట్టుకుని చూశాను. తీగలు అడుగంటిన గిన్నెలా నల్లగా ఉన్నాయి. తోక వైపు తీగల కింద పరుపులోంచి పీకిన స్పాంజి ముక్క ఒకటి, పసుపుపచ్చగా, తాతల కాలం నాటిది. యాభై ఏళ్ళు వాయించిన మనిషికి ఒక కొత్త తీగల జత కొనిచ్చే దిక్కు లేదా అనుకున్నాను. వెంటనే కొట్టుకు పరిగెత్తాను. రకం మార్చేంత మూర్ఖురాలిని కాదు, పాతవాటిలాగే పైచుట్టు నున్నగా ఉండే తీగలే తెచ్చాను. పాతవాటిని కటింగ్ ప్లయరుతో కత్తిరించాను. కటక్, కటక్, కటక్, కటక్. స్పాంజి పీకి చెత్తబుట్టలో వేశాను. నూనెగుడ్డతో కర్ర తుడిచాను. ఆ పూట నా అంత పుణ్యాత్మురాలు ఈ దీవిలో ఇంకొకరు లేరు.

మధ్యాహ్నం క్లోవిస్, ఎగ్బర్ట్ వచ్చారు. ఇద్దరూ బేస్‌గాళ్ళే. క్లోవిస్‌ది అయిదు తీగల గిటారు, వాడి కాళ్ళ దగ్గర వంటింట్లో మూకుళ్ళు పరిచినట్టు శబ్దం మార్చే పెడళ్ళు ఉంటాయి. ఎగ్బర్ట్ చర్చిలో వాయిస్తాడు, రెండు వేళ్ళతో, కళ్ళు మూసుకుని. పైగా నోట్లో నువ్వుగింజ నానదు, అబద్ధం అసలే రాదు. ఆబ్రీ మామ చోటు మీద ముగ్గురికీ కన్నుంది. ముగ్గురికీ ఆ సంగతి తెలుసు.

"చూడండ్రా" అని గర్వంగా గిటారు చూపించాను.

క్లోవిస్ నవ్వు ఆగిపోయింది. ఎగ్బర్ట్ టోపీ తీశాడు, శవం ముందు తీసినట్టు.

"తీగలేవే?" అన్నాడు క్లోవిస్.

"ఇవేగా."

"ఇవి కాదే తల్లీ. మామ తీగలు. పందొమ్మిదేళ్ళ తీగలు. రెండు పెళ్ళిళ్ళు, మూడు తుఫానులు చూసిన తీగలు!"

"కత్తిరించేశాను" అన్నాను.

క్లోవిస్ గిటారు లాక్కుని, నా డబ్బా స్పీకర్‌కు తగిలించి, లావు తీగ మీటాడు. టంయ్‌ఁఁ అంది. మా ఎదురింటి కుక్క లేచి కూర్చుంది.

"ఇది బేసా, సైకిలు బెల్లా?" అన్నాడు.

"స్తోత్రం" అన్నాడు ఎగ్బర్ట్ నీరసంగా. "కొండనాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడిందంట. జసింతక్కా, మామ చేతిలో ఆ తీగలు దుమ్మని మోగేవి. దుమ్మ్... అంతే. తోక ఉండదు, గంట ఉండదు. దిండుతో గుండె మీద కొట్టినట్టు."

"టోన్ బటన్ మొత్తం మూసేస్తే?" అన్నాను.

"మూశా. మూస్తే సైకిలు బెల్లుకి దుప్పటి కప్పినట్టుంది" అన్నాడు క్లోవిస్. "నా దగ్గర ఒక పెడల్ ఉంది..."

"నీ పెడళ్ళు తీసుకెళ్ళి బజ్జీలు వేసుకో" అన్నాడు ఎగ్బర్ట్. చర్చి మనిషి నోట అంత పెద్ద మాట మేమెప్పుడూ వినలేదు.

నాకు ఏడుపు తన్నుకొచ్చింది. చోటు పోతే పోయింది, ఆదివారం యాభై ఏళ్ళ పండగలో ఆ ముసలాయన సైకిలు బెల్లు వాయిస్తాడా? "మీరిద్దరూ సంతోషించండ్రా. ఇక చోటు నాకు రాదుగా" అన్నాను.

క్లోవిస్ తల గోక్కున్నాడు. "నాకు ఆ చోటు కావాలి, కాదన్ను. కానీ ఇలా గెలిస్తే రేపు వీధిలో తలెత్తుకుని తిరగ్గలనా? లే. మూడు రోజులున్నాయి. ఈ తీగల్ని చంపుదాం."

కొత్త తీగల్ని చంపడం ఎలా అన్న దాని మీద ఆ సాయంత్రం జరిగిన చర్చ మా పార్లమెంటులో కూడా జరిగి ఉండదు. పాత తీగల్ని ఉడకబెడితే కొత్తవవుతాయని అందరికీ తెలుసు. కొత్తవాటిని పాతవి చేసే విద్య ఎవరికీ తెలియదు, ఎందుకంటే లోకంలో ఇంతవరకు ఎవరికీ ఆ అవసరం రాలేదు. సముద్రపు ఇసకలో పాతిపెడదామన్నాడు క్లోవిస్. తుప్పు పడుతుందన్నాను. చివరికి ఎగ్బర్ట్ ఒక్క ప్రశ్న అడిగాడు.

"మామ వాయించే ముందు ఏం చేస్తాడు?"

"ఐవీ కొట్లో వేయించిన కోడి తింటాడు."

"తిన్నాక చెయ్యి కడుగుతాడా?"

ముగ్గురం ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. యాభై ఏళ్ళలో ఆయన చెయ్యి కడగడం ఎవరూ చూడలేదు. ప్యాంటుకు రాసుకుని గిటారు ఎత్తుకుంటాడు.

"అవి తీగలు కావర్రా," అన్నాడు ఎగ్బర్ట్ కళ్ళు మెరుస్తుంటే, "పందొమ్మిదేళ్ళ కోడికొవ్వు!"

మిస్ ఐవీ దగ్గరికి పరిగెత్తాం. జిడ్డు చేత్తో గిటారు వాయించడానికి కోడి కావాలన్నాం. ఆవిడ నడుం మీద చేతులు పెట్టుకుంది. "తినడానికైతే ఎంతైనా పెడతా. గిటారుకి పూయడానికి నా కోడా?" అంది. కత్తిరించింది ఎవరి తీగల్నో చెప్పాక మాత్రం గుండె పట్టుకుని కూలబడింది. "ఆ తీగల్నా? ఓసి నీ చెయ్యి విరగా!" అని తిట్టి, లేచి మూకుడు పొయ్యి మీద పెట్టింది.

అలా మొదలైంది మా కోడి యజ్ఞం. ఒకరు తినాలి, ఆ జిడ్డు చేత్తోనే వాయించాలి. వాళ్ళు అలసిపోతే ఇంకొకరు తినాలి. గురువారం మధ్యాహ్నానికి క్లోవిస్ ఏడు ముక్కలు తిని చెక్కబల్ల మీద పడుకున్నాడు. "బేస్ కోసం చచ్చిపోయాడని రాయించండి" అన్నాడు.

స్పాంజి ఇంకో తలనొప్పి. తీగ గంటలా మోగకుండా అదిమిపట్టే ఆ పాతది చెత్తబండిలో వెళ్ళిపోయింది. గిన్నెలు తోమేది పెడితే తీగ మూగబోయింది. రొట్టె ముక్క పెడితే ఎగ్బర్ట్ మర్చిపోయి తినేశాడు. మిస్ ఐవీ విసుక్కుని, జుట్టుకు చుట్టుకున్న గులాబీరంగు స్పాంజి రోలరు ఒకటి లాగి ఇచ్చింది. అది కొలిచి చేసినట్టు సరిపోయింది. ఆవిడ మూడు రోజులూ తలకు ఒక పక్క ఉంగరాలతో, ఒక పక్క చదునుగా తిరిగింది.

మధ్యమధ్యలో పోట్లాటలు. మెడ దగ్గర మీటాలని ఒకడు, తోక దగ్గర అని ఒకడు. వేళ్ళతో అని ఒకడు, గోటితో అని ఒకడు.

"మామ తాళంలో మొదటి దెబ్బ వెయ్యడు, గమనించారా?" అన్నాడు ఎగ్బర్ట్. "అక్కడ ఖాళీ వదిలేస్తాడు. జనం ఆ ఖాళీలో పడతారు."

"మీ పాస్టరు కూడా జీతం దగ్గర అలాగే ఖాళీ వదులుతాడుగా. నువ్వు పడుతూనే ఉన్నావు" అన్నాడు క్లోవిస్. మిస్ ఐవీ గరిటె పట్టుకుని నవ్వింది, నేనూ నవ్వాను.

శుక్రవారం ఎగ్బర్ట్‌కు పాటల సాధన ఉంది, వెళ్ళిపోయాడు. క్లోవిస్‌కు కోడి అంటేనే వాంతి వచ్చే స్థితి. అక్కడి నుంచి నేనే. పొద్దున్నుంచి చీకటి పడేదాకా తిన్నాను, వాయించాను. మెడ దగ్గర, బొటనవేలి పక్కతో, ఆబ్రీ మామ వాయించినట్టే మొదటి దెబ్బ వదిలేసి. వేలు బొబ్బలెక్కింది. బొబ్బ పగిలింది. గుడ్డ చుట్టుకుంటే శబ్దం మారుతోందని విప్పేశాను. శనివారం మధ్యాహ్నం లావు తీగ మీటితే మిస్ ఐవీ పొయ్యి మీద మూతలు గడగడలాడాయి. ఆవిడ పరుగున వచ్చి నన్ను కావిలించుకుంది. క్లోవిస్ పెరడంతా గంతులేశాడు, ఏడు ముక్కల సంగతి మర్చిపోయి.

ఆదివారం మూడు గంటలకే పెరడు నిండిపోయింది. ఆబ్రీ మామ తెల్లచొక్కా, తెల్లటోపీ వేసుకుని వచ్చాడు. గిటారు అందించాను. మెడలో వేసుకున్నాడు. ఒక్క క్షణం ఆగాడు. వాసన చూశాడు.

"కోడి" అన్నాడు.

వంగి తీగల కింద చూశాడు. గులాబీరంగు రోలరు కనబడింది. తలెత్తి మిస్ ఐవీ జుట్టు వైపు చూశాడు. తర్వాత లావు తీగ మీద బొటనవేలు ఆనించి, ఒక్కసారి మీటాడు. దుమ్మ్ అంది. నా ప్రాణం లేచొచ్చింది. ఆయన మొహం మాత్రం మారలేదు.

"నా తీగలేవి?"

"నేనే మార్చాను మామా!" అన్నాడు క్లోవిస్, నాకన్నా ముందు.

"లేదు, నేనే!" అంది మిస్ ఐవీ. జన్మలో గిటారు ముట్టని మనిషి.

ఎగ్బర్ట్ వైపు తిరిగాడు ఆయన. ఎగ్బర్ట్‌కు చెమటలు పట్టాయి. "మామా, నేను... ప్రభువా... నేను కోడి మాత్రమే తిన్నాను!" అని అరిచాడు.

"నేను మామా" అన్నాను. "పాతబడ్డాయని జాలిపడి కత్తిరించేశాను. నీకు కొత్తవి కొనే దిక్కు లేదనుకున్నాను. తప్పైపోయింది." కన్నీళ్ళు ఆపుకోలేకపోయాను.

ఆ పందొమ్మిదేళ్ళూ ఆయన కళ్ళలో కనిపించాయి, నాకు తల ఎత్తబుద్ధి కాలేదు. మళ్ళీ మీటాడు. ఈసారి నాలుగు తీగలూ, ఒకదాని తర్వాత ఒకటి, పైనుంచి కిందికి. ఒక చోట ఆగాడు. "ఇక్కడెవడో గోరు పెట్టాడు." క్లోవిస్ నేల చూపులు చూశాడు. "ఇక్కడెవడో రెండు వేళ్ళతో గోకాడు, దేవుణ్ణి లేపడానికి." ఎగ్బర్ట్ టోపీ తీశాడు. "మిగతాదంతా ఒక్కటే బొటనవేలు. ఏదీ, చూపించు."

చెయ్యి చాపాను. పగిలిన బొబ్బను చాలాసేపు చూశాడు.

"అది నా చోటే. మెడ దగ్గర, వేలి పక్కతో. ఎవరు చెప్పారే నీకు?"

"ఎవరూ చెప్పలేదు. నీ స్పీకర్‌కి ఆనుకుని నేర్చుకున్నా."

ఆయన మెడలోంచి గిటారు తీశాడు. జనం గొణుక్కోవడం మొదలెట్టారు. నా మెడలో వేశాడు. పట్టీ నాకు పొడవైంది, తానే వంగి రెండు కన్నాలు బిగించాడు.

"ఇవి నా వేలికి కొత్త తీగలే. నీ వేలికి అలవాటు పడిపోయినాయి. ఇప్పుడు నేను వాయిస్తే పక్కింటోడి చెప్పులేసుకుని గెంతినట్టుంటుంది. నువ్వు వాయించు."

"మామా, ఇది నీ పండగ!"

"యాభై ఏళ్ళు వెనక నిలబడ్డా. మా బ్యాండ్ ముందు నుంచి ఎలా ఉంటదో ఒక్కసారీ వినలేదు" అంటూ, బీరు సీసాల పెట్టె ఒకటి ఈడ్చుకుని స్పీకర్ ఎదురుగా వేసుకుని కూర్చున్నాడు. మిస్ ఐవీ కోడి పళ్ళెం ఆయన ఒళ్ళో పెట్టింది.

డ్రమ్ములు మొదలయ్యాయి. మొదటి దెబ్బ వదిలేశాను. రెండోది వేశాను. రేకుల కంచె మొత్తం వణికింది, జనం ఒక్కసారిగా గాల్లోకి చేతులెత్తారు, క్లోవిస్, ఎగ్బర్ట్ ఒకరినొకరు పట్టుకుని చిన్నపిల్లల్లా ఎగురుతున్నారు. నాకు ఏడుపూ నవ్వూ ఒకేసారి వచ్చాయి. వేలు మండిపోతోంది, ఆపాలనిపించలేదు. ఆబ్రీ మామ కళ్ళు మూసుకుని, గుండె మీద జిడ్డు చెయ్యి వేసుకుని, తెల్లచొక్కా అంతా మరక చేసుకుంటున్నాడు.

పాట అయ్యాక పెట్టె మీద నుంచే అరిచాడు. "బాగానే ఉంది గానీ ఇంకా గంట మోగుతోందే! ఆ తీగలు పూర్తిగా చచ్చాక నన్ను పిలువు, అప్పుడొచ్చి వాయిస్తా!"

"దానికి పందొమ్మిదేళ్ళు పట్టుద్ది మామా!" అన్నాను.

"పట్టనీ" అన్నాడు డెబ్బై మూడేళ్ళ ఆబ్రీ మామ, ఇంకో కోడి ముక్క అందుకుంటూ. "నేనెక్కడికి పోతా?"