శుభ్రంగా ఆడించిన పిండి

పిచ్చుక బరువు మళ్లీ తగ్గింది. రెండు నెలల కిందట పదమూడు కిలోలు, ఇప్పుడు పన్నెండున్నర. ఐదేళ్ల పిల్లకు అది ఏ మూలకూ చాలదు. డాక్టరమ్మ కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టింది.

"ఎక్కడో గోధుమ లోపలికి పోతోందమ్మా. సీలియాక్ అంటే మామూలు అజీర్తి కాదని చెప్పాగా. గోధుమలో ఉండే గ్లూటెన్ చిటికెడు తగిలినా దీని పేగు పాడవుతుంది. వచ్చే నెలా తూకం తగ్గితే ఆస్పత్రిలో చేర్చాల్సిందే."

"మా ఇంట్లో గోధుమ గింజ లేదండీ" అంది తల్లి.

"ఇంట్లో లేనిది దీని కడుపులోకి ఎలా వెళ్తోంది మరి?"

ఆ మాట ఆమె చెవిలో జోరీగలా తిరుగుతూనే ఉంది. తొమ్మిదో తరగతిలో బడి మానేసిన మనిషి. అయినా బిస్కెట్ పొట్లం వెనక చీమల బారులాంటి అక్షరాలను కూడబలుక్కుని చదువుతుంది. చదివాక కూడా నమ్మదు. గ్లూటెన్ లేదని పెద్దక్షరాలతో ఉంటే, అంత గట్టిగా ఎందుకు చెప్పుకుంటున్నారో అనుకుంటుంది. అందుకే కొనేవన్నీ మానేసి, బియ్యం కడిగి, ఎండబెట్టి, పిండిమరలో ఆడించి, ఆ పిండితోనే పిల్లకు రొట్టెలు కాలుస్తోంది.

ఇక మిగిలింది అత్తగారు. టీలో బిస్కెట్ ముంచనిదే ఆవిడకు పొద్దు గడవదు. ఇంట్లో అవి ఆగిపోయిన దగ్గర్నుంచి, సాయంత్రం కాగానే పిల్లను వెంటబెట్టుకుని పక్కింటికి పోతోంది.

అనుమానం పెనుభూతం అంటారు. ఆ భూతానికి ఇప్పుడు ఇల్లు దొరికింది. పిల్ల తిరిగి రాగానే నోరు తెరిపించి పళ్ల సందులు చూసేది. గౌను జేబులు తిరగేసేది. ఒకరోజు ఉతకడానికి తీసిన అత్తగారి చీర కొంగుకు ఏదో పొడి కనబడితే, వేలికి అద్దుకుని వాసన చూసింది. ముక్కుపొడి. వరసగా నాలుగు తుమ్ములు వచ్చాయి.

"ఏంటమ్మాయ్, పోలీసు ఉద్యోగం గానీ వచ్చిందా?" అంది అత్తగారు గుమ్మంలోంచి.

పిల్లను చాటుకు పిలిచి అడిగింది. "నాయనమ్మ నీకేం పెట్టింది?"

"ఏం పెట్టలేదు. అడిగినా పెట్టలేదు. తనే తినేసింది" అంది పిచ్చుక, ఏడుపు మొహంతో.

బాగా నేర్పించారు అనుకుంది తల్లి. ఆ రాత్రి అన్నాల దగ్గర మనసులో మాట అనేసింది. "ఇక నుంచి దాన్ని పక్కింటికి తీసుకెళ్లకండి అత్తయ్యా. మీ చేత్తో ఏమీ పెట్టకండి కూడా."

అత్తగారు కలుపుతున్న ముద్ద కంచంలోనే వదిలేసి లేచింది. మర్నాటి నుంచి పిల్లను దగ్గరకు పిలవలేదు.

వారం గడిచింది. పిచ్చుక పొట్ట ఉబ్బరం అలాగే ఉంది. మరి ఎవరు? తల్లి చూపు ఈసారి పిండి డబ్బా మీద పడింది. ఎప్పుడూ డబ్బా మరలో ఇచ్చేసి గంట తర్వాత వచ్చే మనిషి, ఆ రోజు కదలకుండా అక్కడే నిలబడింది. పిల్ల జబ్బు పేరు మరాయనకే కాదు, బయట ఎవరికీ చెప్పలేదు. ఆడపిల్లకు రోగిష్టిదన్న ముద్ర పడుతుందని భయం. "మా పాపకి ఒంట్లో బాగోదన్నా, మర శుభ్రం చేసి ఆడించు" అని మాత్రం ప్రతిసారీ బతిమాలేది.

ముందు ఎవరివో మిరపకాయలు ఆడాయి. తర్వాత తన వంతు. మరాయన మూలనున్న గోనె సంచిలోంచి రెండు దోసిళ్లు తీసి మరలో పోశాడు. వచ్చిన ఎర్రటి పిండిని వేరే రేకులోకి పట్టి, ఆమె బియ్యం డబ్బా అందుకోబోయాడు.

"అన్నా, ఆగు. ఇప్పుడు పోసిందేంటి?"

"గోధుమలమ్మా. కారం వదలాలంటే గోధుమల్ని మించింది లేదు, రాయి అద్దంలా అయిపోద్ది. అందరికీ ఒక దోసెడు. నీకు రెండు. పసిపిల్లకని చెప్పావుగా."

శుభ్రంగా, శుభ్రంగా అని తను బతిమాలిన కొద్దీ రెండేసి దోసిళ్లు.

"మా పాపకి గోధుమ పడదు" అంది. మర హోరులో ఆయనకు వినబడలేదు. మీట కట్టేసి, ఏంటన్నట్టు తలెత్తాడు. వెనక వరసలో నలుగురున్నారు. ఆమె గొంతు పెంచింది. "గోధుమ దానికి విషం అన్నా. పిండి నలుసు తగిలినా పేగు పాడవుతుంది. సీలియాక్ అంటారు."

మరాయన సంచి మీద కూలబడ్డాడు. "ఈ ఒక్క మాట ముందే అనుంటే నీ బియ్యం ముట్టుకునేవాణ్ని కాదు కదమ్మా. ఎంత తుడిచినా ఇక్కడ గోధుమ పోదు. ఆ గోడలు చూడు."

గోడలే కాదు, ఆయన కనురెప్పలు కూడా తెల్లగా ఉన్నాయి.

బియ్యం బియ్యంగానే ఇంటికి తెచ్చింది. చెప్పులైనా విప్పకుండా అత్తగారికి జరిగిందంతా చెప్పింది. "మిమ్మల్ని అనరాని మాట అన్నాను అత్తయ్యా."

"పక్కింట్లో అది బిస్కెట్ ముక్క కోసం ఏడుస్తుంటే, ఈ చేతులతోనే లాక్కుని నేను నోట్లో వేసుకున్నాను" అంది అత్తగారు. లేచి బియ్యం అందుకుని, అటక మీంచి మిక్సీ గిన్నె దింపింది. పోయబోతూ ఆగింది. గిన్నెలో ముక్కు పెట్టింది. బ్లేడు కింద వేలు పోనిచ్చి, ఆ వేలిని కిటికీ దగ్గర వెలుతురులో చూసుకుంది.

"ఇందులో ఇంతకుముందు ఏం ఆడించావు?"

"కొబ్బరి, పప్పులు."

"ఖాయమేనా?"

తల్లి తనూ గిన్నెలోకి వంగి చూసింది. "ఏమో అత్తయ్యా" అంది.

"అయితే ఇది మనకు. దానికి కొత్త గిన్నె తెప్పించు. అందాకా పిల్లకు అన్నమే" అని గిన్నె పక్కన పెట్టి, అత్తగారు పిచ్చుకను కేకేసింది.