నా నోరు మూయించిన చెయ్యి

నేను ఒక జామర్ డబ్బాని. యుద్ధవిమానం రెక్క కింద వేలాడుతూ వెళ్తాను. శత్రువు రాడార్ల మీద, రేడియోల మీద నా హోరు కుమ్మరించి వాళ్లకు కళ్లూ చెవులూ పనిచెయ్యకుండా చేస్తాను. బాంబుని కాదు, తూటాని కాదు. అయినా స్విచ్ వేసిన ప్రతిసారీ నాకు గుండెల్లో రాయి పడుతుంది. ఈ హోరు మనవాళ్ల చెవిలోనే పడితే? గాల్లో ఉన్న మన కుర్రాళ్లు ఏమైపోతారు?

పదకొండేళ్లు నౌకాదళంలో బతికాను. విమానం వెనక సీట్లో కూర్చుని నన్ను నడిపేది లెఫ్టినెంట్ కమాండర్ సుభాషిణి. నేను ముట్టకూడని మన రేడియో తరంగాల జాబితా ఒకటుంటుంది. ఎగిరే ముందు దాన్ని నాలోకి తనే ఎక్కించేది. నౌకాదళంలో అలవాటు అది.

ఇంతలో పైవాళ్లకు ఆలోచన వచ్చింది. నౌకాదళానికో జామర్ విమానం, వాయుసేనకో జామర్ విమానం ఎందుకు, ఇద్దరికీ ఒకటే చాలదా అని. అసలు అందులో మనుషులెందుకు, పైలట్ లేని విమానానికి తగిలిస్తే పోలేదా అని ఇంకొకాయన. అది తేల్చడానికి పరీక్ష పెట్టి, నన్ను వాయుసేన విమానానికి కట్టారు, వెనక సీట్లో సుభాషిణినే కూర్చోబెట్టారు.

"వచ్చిందండీ ఉప్పునీళ్ల పెళ్లికూతురు! తడిమితే తుప్పు రాలుద్దేమో," అన్నాడు అక్కడి వారంట్ ఆఫీసర్ జోజిబాబు, నా బోల్టులు బిగిస్తూ.

"మీ చేతుల్లో రాలకపోతే చాలండీ," అంది సుభాషిణి.

ఇద్దరూ నవ్వుకున్నారు. జాబితా మాట ఎవరూ ఎత్తలేదు. వాయుసేనలో దాన్ని ఎక్కించేది నేల మీది మెకానిక్కులు. వాళ్ల విమానం కదా, వాళ్లే ఎక్కించి ఉంటారని ఆవిడ అనుకుంది. నౌకాదళం డబ్బా కదా, ఆవిడే ఎక్కించుకుంటుందని ఆయన అనుకున్నాడు. ఎవరి అలవాటు వాళ్లు పాటిస్తే రెండుసార్లు ఎక్కేది. మర్యాదకు పోయి ఎదుటివాళ్ల అలవాటుకు వదిలేశారు. నాలో ఉన్నది నౌకాదళం పాత జాబితానే, వాయుసేన తరంగాలు అందులో లేవు. చెబుదామంటే నాకు హోరు తప్ప మాట రాదు.

పైకి వెళ్లాం. మబ్బు దట్టంగా ఉంది. మాకు ముందు ఫ్లైట్ లెఫ్టినెంట్ మస్తాన్ విమానం. కింద కొండలు. రాడార్ గదివాళ్లు రేడియోలో దారి చెబుతుంటే, ప్రతి మాటా తిరిగి అప్పజెబుతూ దిగుతున్నాడు. సుభాషిణి ఒక చెవిలో మస్తాన్, ఇంకో చెవిలో, నౌకాదళం తరంగం మీద, నేల మీది పరీక్ష అధికారి.

"జామర్ ఆన్," అన్నాడు అధికారి.

నేను నోరు తెరిచాను. మస్తాన్ ఉన్న చెవిలో బుస్సుమని హోరు.

"మస్తాన్ పలకట్లేదేంటి?" అంది సుభాషిణి.

"అది మీ పని కాదు. ఇంకా మూడు నిమిషాలుంది, కానివ్వండి."

"సార్, అతను మబ్బులో ఉన్నాడు. ముందు కొండ ఉంది!"

"పరీక్ష ఆపితే ఫెయిలైనట్టే. ఆలోచించుకోండి."

ఎడమకు తిరగమని కింద ఎవరో అరుస్తూనే ఉండుంటారు. ఆ అరుపును మింగుతున్నది నేనే. ఆపు తల్లీ, ఆపు అని లోలోపల మొత్తుకున్నాను. ఆవిడ స్విచ్ కట్టేసింది.

"...తిరుగు, ఎడమకు తిరుగు!"

మస్తాన్ గొంతు వినిపించింది: "తిరిగాను. ఎడమకు... తిరిగాను."

కిందికి దిగాక జోజిబాబు నాలో ఉన్న జాబితా తీసి చూశాడు. "మీ డబ్బా కదాని నేను వేలు పెట్టలేదు మేడమ్."

"మీ విమానం కదాని నేనూ అడగలేదండీ," అంది ఆవిడ.

నెల తిరక్కుండా నివేదిక వచ్చింది. మనిషి జోక్యం వల్ల పరీక్ష మధ్యలో ఆగిపోయిందట. కాబట్టి ఇకమీదట రెండు దళాలకూ పైలట్ లేని జామర్ విమానమే మేలట. చదివి జోజిబాబు ఆ కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి, ఊగుతున్న బల్ల కోడు కింద దోపాడు.

ఈ పొద్దున నన్ను ఆ కొత్త విమానానికి బిగించారు. జాబితా ఆయన ఒకసారి, ఆవిడ ఒకసారి ఎక్కించారు. చాలక ఇద్దరూ పక్కపక్కన నిలబడి మూడోసారి చదువుకున్నారు. ఇక సుభాషిణి నేల మీద గదిలో కూర్చుంటుంది. అక్కణ్ణుంచే నన్ను ఆపాలి.

ఆవిడ చేతికీ నాకూ మధ్య ఉన్నది ఒక్క రేడియో తరంగం. అలాంటివాటిని తెంపడానికే నన్ను పుట్టించారు.