పేరు కొట్టించిన సైకిల్

సైకిల్ మీద ఒక పొర రంగు గీకితే మా వసారాలో ఒక మనిషి వచ్చి కూర్చుంటున్నాడు. మొదటాయన వచ్చినప్పుడు నేను పెద్దగా పట్టించుకోలేదు. తెనాలిలో పొద్దున పదిగంటలకి ఎవరో ఒకరు ఎవరి వసారాలోనో కూర్చునే ఉంటారు.

సైకిల్‌ని పాత ఇనుప సామాన్ల కొట్లో తూకానికి కొన్నాను. నల్లరంగు, సీటు కింద రెండు లావు స్ప్రింగులు, బెల్లు లేదు. కంపెనీ బిళ్ళ ఎప్పుడో ఊడిపోయింది కాబట్టి ఎక్కడిదో, ఏ కాలానిదో తెలియదు. కొట్టాయన్ని అడిగితే, "పుట్టుపూర్వోత్తరాలు ఎందుకండీ, పెళ్ళి సంబంధమా" అన్నాడు.

నా పేరు శేషారత్నం. నలభై తొమ్మిదేళ్ళు. మా వంటింట్లో నూట పన్నెండు గిన్నెలున్నాయి. ప్రతిదాని అంచు మీదా చుక్కలు చుక్కలుగా ఎవరిదో పేరు కొట్టి ఉంటుంది. పెళ్ళికి బిందె ఇచ్చిన మేనమామ పేరు, గృహప్రవేశానికి పళ్ళెం ఇచ్చిన పక్కింటివాళ్ళ పేరు, మా ఆయన పేరు, ఆయన తాతగారి పేరు. నా పేరు చెంచా మీద కూడా లేదు. చచ్చేలోపు ఒక్క వస్తువు మీదన్నా ఉండాలని నా కోరిక. అందుకే బాజీకి కబురు పెట్టాను.

బాజీ గిన్నెల మీద పేర్లు కొట్టేవాడు. సైకిల్ హ్యాండిల్‌కి చెవి ఆనించి కాసేపు వింటాడు.

"రంగు కింద ఎవరిదో పేరుందమ్మా. అదేందో తేలకుండా కొత్త పేరు కొట్టను. నా సుత్తి ఒప్పుకోదు."

సుత్తి కూడా తల అడ్డంగా ఊపుతుంది. సరే, గరుకు కాగితం తీసుకుని కూర్చుంటాను.

నల్లరంగు పోతే సాంబయ్య అనే పేరు తేలుతుంది. వసారాలో సాంబయ్య ఉంటాడు. మెడలో కొలతల టేపు వేసుకున్న దర్జీ. "నా సైకిలండీ" అంటాడు, మర్యాదగానే. నీలంరంగు పోతే కోటిలింగం. పోస్టుమాన్. కూర్చున్న దగ్గర్నుంచీ తన మోకాలి మీద తనే ముద్ర వేసుకుంటుంటాడు. ఆయనా సైకిల్ తనదే అంటాడు. వాళ్ళకి చోటు చాలాలని వసారా రెండు గజాలు సాగుతుంది.

మా ఆయన భోజనానికి వస్తారు.

"ఎవరే వీళ్ళంతా?"

"సైకిల్ తాలూకు."

"కాఫీ ఇచ్చావా?"

"ఇచ్చాను."

అయితే ఫరవాలేదని ఆయన కూడా వాళ్ళ పక్కన కుర్చీ వేసుకుంటారు.

అడుగున ఆకుపచ్చరంగు ఉంది. అది గీకుతుంటే చెయ్యి నెమ్మదిస్తుంది. రామలింగం అనే పేరు తేలుతుంది. మా నాన్న.

వసారాలో నాన్న ముప్ఫై ఎనిమిదేళ్ళ వయసులో కూర్చుని ఉన్నాడు. నాకంటే పదకొండేళ్ళు చిన్న. నాకు కోపమూ వస్తుంది, ఏడుపూ వస్తుంది. రెండూ ఒకేసారి కుదరవు కాబట్టి ఇంకో కాఫీ కలుపుతాను.

"అమ్మాయ్, ఇది మన సైకిలే" అంటాడు.

"ఇప్పుడు గుర్తుపట్టాను నాన్నా. కడ్డీ కింద కాలు దూర్చి దీని మీదే నేర్చుకున్నా."

"రోడ్డు చివరిదాకా తొక్కావు, ఒక్కదానివే. ఆ వారమే పెద్దమనిషివయ్యావు. అమ్మ నిన్ను దిగమని, బెల్లు ఊడదీసి బొడ్లో దోపుకుంది."

"నువ్వేం చేశావు?"

నాన్న కాఫీలోకి చూస్తాడు. "కోటిలింగానికి ఇచ్చేశాను."

అది నాకు ఇన్నేళ్ళూ ఎవరూ చెప్పలేదు. పోయిందన్నారు, అంతే.

ఇప్పుడు ముగ్గురూ సైకిల్ నాదంటే నాదంటారు. చివర తొక్కింది నేనంటాడు సాంబయ్య. ఎక్కువ దూరం తొక్కింది నేనంటాడు కోటిలింగం. నాన్న సీటు మీద చెయ్యి తీయడు. నేను వంటింట్లోంచి బిందె తెచ్చి వాళ్ళ మధ్యలో పెడతాను.

"దీని మీద ఎవరి పేరుంది?"

"మీ మేనమామది" అంటారు మా ఆయన.

"బిందె ఆయనదా?"

"కాదు. ఆయన ఇచ్చాడు."

"అంతే కదా. పేరున్నవాళ్ళు ఇచ్చినవాళ్ళు. ఇచ్చినదాన్ని వెనక్కి అడిగే మొహం ఎవరికుంది?"

ముగ్గురూ తలలు దించుకుంటారు. నాన్న చెయ్యి తీసేస్తాడు. హమ్మయ్య అనుకుంటుండగా బాజీ సుత్తి వైపు చూసి గొంతు సవరించుకుంటాడు.

"మరి నీ పేరు కొడితే నువ్వూ ఇచ్చినదానివే అవుతావు గదమ్మా. ఎవరికిస్తున్నావో చెప్పు. ఆ పేరు కూడా కొట్టాల."

బాజీ తప్ప నలుగురు మగవాళ్ళూ ఒకేసారి చేతులు చాపుతారు.

"నాకిచ్చెయ్" అంటారు మా ఆయన. "ఇంట్లోనే ఉంటుంది."

పేరు ఉంటే సైకిల్ ఉండదు, సైకిల్ ఉంటే పేరు ఉండదు. నూట పన్నెండు గిన్నెలూ వంటింటి గుమ్మం దాకా వచ్చి వింటున్నాయి.

"రాసుకో బాజీ" అంటాను. "శేషారత్నానికి, శేషారత్నం ఇచ్చినది. తేదీ ఇవాళ్టిది వెయ్."

సుత్తి ఒప్పుకుంటుంది. చాపిన చేతులు ఒక్కొక్కటే వెనక్కి పోతాయి. చివరి చుక్క పడగానే గేటు తెరుచుకుంటుంది, ఇచ్చింది పుచ్చుకోవడానికి ఒకావిడ లోపలికి వస్తుంది. ఆవిడ నేనే. కాకపోతే ఎండకి బాగా నల్లబడింది, పిక్కలు గట్టిగా ఉన్నాయి, కుచ్చిళ్ళు ఎత్తి దోపుకుంది.

"ఇన్నేళ్ళూ ఎక్కడున్నావు?"

"రోడ్డు చివర దాటాక ఇంకా రోడ్డుంది. అమ్మ దిగమంటే నువ్వు దిగావు. నేను దిగలేదు."

"సైకిల్ ఇచ్చేశారు కదా. దేన్ని తొక్కావు?"

"ఉత్త గాలినే. కాళ్ళు పడిపోతున్నాయి, త్వరగా ఇవ్వు."

హ్యాండిల్ ఆవిడ చేతికిస్తాను. నాకు తొక్కడం మరుపొచ్చింది కాబట్టి వెనక క్యారియర్ ఎక్కుతాను. నాన్న చెప్పులు విడిచి, క్యారియర్ పట్టుకుని, మాతోపాటు పరిగెత్తుతాడు. నాలుగిళ్ళు దాటాక వదిలేస్తాడు. వదిలేశాడని మేం ఇద్దరం ఒకేసారి తెలుసుకుంటాం, పడిపోము.

రోడ్డు చివర అమ్మ నిలబడి ఉంది. కరెంటు స్తంభమంత పొడుగు. బొడ్లోంచి బెల్లు తీస్తోంది. దిగమంటుందని నా కాళ్ళు వాటంతట అవే నేల కోసం వెతుకుతాయి.

అమ్మ దిగమనదు. బెల్లు కొడుతుంది. రెండు పక్కలా ఇళ్ళన్నీ గబగబా లేచి, మెట్లు పైకెత్తుకుని, మాకు దారి ఇస్తూ వెనక్కి జరుగుతాయి. వెనక్కి చూస్తే మా ఇల్లు కూడా, వసారాలో మిగిలినవాళ్ళని అలాగే కూర్చోబెట్టుకుని, పక్కకి తప్పుకుంటోంది.