తొందరపడ్డ శాలువా

నేను ఒక పియానో స్టూల్ని. పియానో గొప్పదనం అందరూ చెబుతారు. వాయించేవాళ్లను మోసే నా ఊసు ఎవరికీ పట్టదు. సికింద్రాబాద్ వడ్రంగి ఒకాయన నన్ను టేకు చెక్కతో చేసి ఫొటో స్టూడియోకి అమ్మాడు. పెళ్లిచూపుల ఫొటో కోసం ఊపిరి బిగబట్టినవాళ్లను ఎందరినో మోశాను. స్టూడియో మూతపడ్డాక, లాలాగూడలో పియానో నేర్పే డగ్లస్ మాస్టారి ఇల్లు చేరాను.

మాస్టారిది ఫ్రీ జాజ్. ఏం వాయించాలో ముందే రాసిపెట్టుకోని సంగీతం. వేళ్లతో మొదలుపెట్టి, పిడికిళ్లకొచ్చి, మోచేతులతో తేల్చేవారు. ఊపు వస్తే లేచి నిలబడి, మళ్లీ ధబ్బున నా మీద పడేవారు. పక్కింటివాళ్లు పియానో రిపేరు జరుగుతోందనుకునేవారు. నాకు మాత్రం పెద్ద వాన కురిసి వెలిసినట్టుండేది. నడుం నొప్పి సంగతి వేరు.

ఆయన శిష్యురాలు నిరుపమదీ అదే సంగీతం, తీరే వేరు. ఒక స్వరం పలికించి, అది పూర్తిగా ఆరిపోయేదాకా చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చునేది. ఆ తర్వాతి స్వరం మనం అనుకోని చోట పడేది.

"వాయిస్తున్నావా, మరిచిపోయావా అమ్మా?" అనేవారు మాస్టారు.

"మీరు ఊపిరి తీసుకోరు కదా సార్, మీ వంతు కూడా నేనే తీసుకుంటున్నా."

నవ్వుతూనే అనేది. కానీ ఆ నిశ్శబ్దం కూడా సంగీతమేనని ఆయన ఒక్కసారి ఒప్పుకుంటే చాలునని ఆమెకు ఎంత ఆశో నాకు తెలుసు. ఆయన "మరిచిపోయావా" అన్న రోజున నా మీద బరువుగా కూర్చునేది.

ఆమె మొదటి కచేరీకి నన్నూ ఆటోలో తీసుకెళ్లారు. సభలో సగంమంది తొడ మీద తాళం వేయబోయి, అది దొరక్క చేతులు కట్టుకున్నారు. వాయింపు మధ్యలో నిరుపమ ఒక మంద్రస్వరం పలికించి ఆగింది. స్వరం ఆరిపోయింది. ఆమె కదల్లేదు. అయిపోయిందనుకుని జనం చప్పట్లు కొట్టారు. ముఖ్య అతిథిగారు శాలువా మడతలు విప్పుకుంటూ వేదికెక్కేశారు. మన సభల్లో శాలువాకున్న తొందర ఇంకదేనికీ ఉండదు. నిరుపమ సగం లేచింది. ఇక ఆమె మళ్లీ కూర్చోదేమోనని భయపడ్డాను.

అప్పుడు ముందు వరుసలోంచి డగ్లస్ మాస్టారు లేచారు. ఆయన నోరూ ఆయన వాయింపులాంటిదే కనుక, ఏం గోల చేస్తారోనని బిక్కచచ్చిపోయాను.

ఆయన మెల్లగా అన్నారు: "శాలువా కాసేపు ఆపండి సార్. అమ్మాయి ఇంకా వాయిస్తూనే ఉంది."

చప్పట్లు ఆగిపోయాయి. అతిథిగారు శాలువా పట్టుకుని ఎక్కడివారక్కడే నిలబడిపోయారు. మాస్టారు కూడా కూర్చోవడం మరిచిపోయి, నిలబడే విన్నారు.

నిరుపమ నిదానంగా నా మీద కూర్చుంది. చేతులు ఒళ్లో పెట్టుకుంది. తర్వాతి స్వరానికి ఆమె ఏమాత్రం తొందరపడలేదు.