నాలోకి రాని బొమ్మలు

నేను ఒక పెన్‌డ్రైవ్‌ని. వేలెడంత ఉంటాను, నిలకడ బొత్తిగా లేదు. ఎక్కడో సముద్రాల అవతల పుట్టానని నా వీపు మీది సన్నటి అక్షరాలు చెబుతాయి గానీ, నాకు ఊహ తెలిసింది కాకినాడ మెయిన్ రోడ్డులో, ఒక సెల్‌ఫోన్ల కొట్లో అట్టకి అంటుకుని వేలాడుతున్నప్పుడే. అక్కడి నుంచి ఒక ఫొటో స్టూడియో ఆయన కొనుక్కుపోయాడు. ఆయన దగ్గర లెక్కలేనన్ని పెళ్ళిళ్ళు మోశాను. ఎవరి పెళ్ళయినా అవే తలంబ్రాలు, అదే బలవంతపు నవ్వు. చివరికి నన్ను జిరాక్స్ షాపులో మరిచిపోయి చక్కా పోయాడు. అక్కడ ఊళ్ళో ఉన్న వైరస్‌లన్నీ నాకు అంటించారు. మూత కూడా అక్కడే పోయింది.

మనుషుల గురించి ఒక మాట చెప్పి తీరాలి. నన్ను కంప్యూటర్‌కి పెట్టేటప్పుడు మొదటిసారి తిరగేసే పెడతారు. దూరకపోతే నా నోట్లోకి ఉఫ్‌మని ఊదుతారు. ఊది, మళ్ళీ తిరగేసే పెడతారు. ఇంతింత చదువులు చదివినవాళ్ళకి ఇదెప్పటికి వస్తుందా అని నాకు ఒళ్ళు మండిపోయేది.

జిరాక్స్ షాపు నుంచి నన్ను అడిగి తీసుకున్న పిల్ల నూకరత్నం. పాలిటెక్నిక్‌లో కంప్యూటర్ల కోర్సు. వాళ్ళ ఇల్లు చేపల రేవు పక్క పేటలో. అక్క భవాని కూడా అదే కాలేజీలో చదివింది. రెండో ఏడాదిలో ఉండగా కళ్ళకి జబ్బు చేసి చూపు పూర్తిగా పోయింది. అప్పటి నుంచి గడప దాటలేదు. కాలేజీ వాళ్ళు రమ్మని కబురు పెట్టినా, నాతో ఇంకేం పనుందని ఊరుకుంది.

ఇంతలో కాలేజీలో వెబ్‌సైట్ల పోటీ పెట్టారు. రత్నం తమ రేవు గురించి చేస్తానని ఫోనుతో బోలెడు ఫొటోలు తీసింది. వెబ్‌సైట్లో ప్రతి బొమ్మ వెనకా నాలుగు మాటలు రాసిపెట్టుకునే చోటు ఉంటుంది. బొమ్మ కనబడితే ఆ మాటలు కనబడవు. చూపు లేనివాళ్ళకి కంప్యూటర్ వాటిని చదివి వినిపిస్తుంది. ఆ మాటలు చెప్పమని రత్నం ఇంట్లో కంప్యూటర్ ముందు అక్కని పక్కన కూర్చోబెట్టుకుంది. ఫొటోలో ఏముందో రత్నం చెప్పేది. భవాని తను తిరిగిన రేవుని అందులో కలిపి మాటలు పేర్చేది.

"కళ్ళున్నోళ్ళు బొమ్మ చూస్తారు. నా మాటలెవరు చూస్తారే?" అంది ఒకరోజు.

"దీనికి ప్రైజొస్తే మళ్ళీ కాలేజీకొస్తావా?" అంది రత్నం.

"వస్తాను. ప్రైజు రాకపోతే మాత్రం ఇంక కాలేజీ ఊసెత్తకు."

పందెం కుదిరింది. రత్నం పనంతా ముగించి నన్ను కంప్యూటర్‌కి పెట్టి (తిరగేసే, చెప్పక్కర్లేదు) వెబ్‌సైట్‌ని నాలోకి ఎక్కించింది. అక్కడే కొంప మునిగింది. ఎక్కించింది పేజీల్ని మాత్రమే. ఫొటోలు ఆ కంప్యూటర్లోనే వేరే చోట ఉండిపోయాయి. నాలోంచి తెరిచి చూసుకుంది, అన్నీ చక్కగా వచ్చాయి. రావా మరి? పేజీలు నాలో ఉన్నా బొమ్మల్ని పక్కనే ఉన్న ఆ కంప్యూటర్ అందిస్తోంది. నా లైటు ఆర్పి వెలిగించి, ఆర్పి వెలిగించి చచ్చాను. పని చేస్తోందనుకుని రత్నం సంతోషపడింది. మర్నాడు పోటీకి వెళ్ళేదాకా ఆమె జేబులో నాకు ఒక్క క్షణం కుదురు లేదు.

పోటీలో పిల్లల్ని వరండాలో నిలబెట్టారు. ఎవరి సైటో జడ్జీలకి తెలియకూడదట. లోపల ఇద్దరే. ఒకరు కంప్యూటర్ శిక్షణ కేంద్రం నడిపే త్రినాథరావు గారు, ఇంకొకరు వేరే కాలేజీ లెక్చరర్ ఫిలోమినా మేడం. ముందు చూసిన సైట్ల హంగు ఏం చెప్పను! తెరవగానే పాట మోగేది, పూలు రాలేవి, "సుస్వాగతం" అనే మాట తెర మీద అటూ ఇటూ పరుగులు పెట్టేది. త్రినాథరావు గారు తలాడించి మార్కులు వేశారు. తరవాత నన్ను పెట్టారు.

నేను భయపడ్డదే జరిగింది. తెల్లటి ఖాళీ గళ్ళు. బొమ్మలు లేకపోయేసరికి వాటి వెనక రాసిన మాటలు ఒక్కో గడిలో బయటపడ్డాయి.

"బొమ్మలే లేవండి. పక్కన పెట్టేద్దాం," అన్నారు త్రినాథరావు గారు. న్యాయంగా చూస్తే ఆయన అన్నది తప్పు కాదు. అయినా ఆయన మీద నాకు కోపం వచ్చింది.

మేడం మాత్రం మౌస్ మీంచి చెయ్యి తియ్యలేదు. మెల్లగా పైకి చదవసాగారు.

"ఇవి పడవలు కట్టిన తాళ్ళు. తడిసినప్పుడు పట్టుకుంటే మోచేతి దాకా చలి పాకుతుంది. ఇది మా అమ్మ. ఐసు మీద చేపలు పేరుస్తోంది. ఐసులో పని చేసేటప్పుడు గాజులు తీసి కొంగున కట్టుకుంటుంది, అందుకే చేతులు బోసిగా ఉన్నాయి. అమ్మ నవ్వుతోందని చెల్లి చెప్పింది. నమ్మాను."

త్రినాథరావు గారు కుర్చీని తెర దగ్గరకి జరుపుకున్నారు. ఆ తరవాతి గడి ఆయనే చదివారు. చివరి గడి దాకా ఇద్దరూ వంతులేసుకుని చదివారు. అంత ఓపిగ్గా ఏ పాటా వినలేదు వాళ్ళు.

ఈ సైటు ఎవరిదో వాళ్ళని రమ్మని మేడం కబురు పంపితే రత్నం లోపలికి వచ్చింది. తెర చూసి ఆ పిల్ల ముఖం పాలిపోయింది.

"ఈ మాటలు ఎవరు రాశారమ్మా?"

"మా అక్కండి. తనకి కనబడదండి."

ప్రైజు రాలేదు. పని చెయ్యని సైటుకి ఎలా ఇస్తామని త్రినాథరావు గారే బాధపడుతూ చెప్పారు. పూలు రాలిన సైటుకి వచ్చింది. నాకు ఏడుపొచ్చింది, ఏడవడానికి నా దగ్గర ఆ చిన్న లైటు తప్ప ఏమీ లేదు.

ఇంటికి వచ్చి రత్నం నన్ను టీవీ మీద పడేసి గోడ వైపు తిరిగి కూర్చుంది. భవానికి ఆ నిశ్శబ్దంలోనే సంగతి తెలిసిపోయింది.

"రాలేదా?"

"అసలు బొమ్మలే రాలేదక్కా. నేనే సరిగ్గా ఎక్కించలేదు."

"మరి అంతసేపూ ఏం చూశారు?"

"నీ మాటలు చదివారు. మొత్తం."

భవాని గోడ తడుముకుంటూ లేచింది. పందెం ప్రకారం ఇంక కాలేజీ ఊసు ఎత్తకూడదు. రత్నం ఎత్తలేదు కూడా.

"నా కాలేజీ బ్యాగు ఎక్కడుందే?" అంది భవాని.

ఇప్పుడు నేను ఆ బ్యాగు జిప్పుకి వేలాడుతున్నాను. నిలకడ ఇప్పటికీ రాలేదు, బస్సులో ఊగుతూనే ఉంటాను. కాలేజీలో భవాని నన్ను తీసి, బొటనవేలితో నా నోరు ఒకసారి తడుముతుంది. ఊదదు. మొదటిసారే సరిగ్గా పెడుతుంది.