బావ పోసిన గ్లాసు

ఇన్‌స్పెక్టరు వచ్చేలోగా ఏం చెప్పాలో భర్త మళ్ళీ వల్లె వేయిస్తున్నాడు. ఆమె వంటింటి గట్టు దగ్గర నిలబడి, తుడిచిన చోటే తుడుస్తోంది.

ముందునాటి మధ్యాహ్నం, తన కళ్ళద్దాల దుకాణానికి రెండో శాఖ తెరిచిన సంతోషంలో అతను ఇంట్లో విందు చేశాడు. ఆమె తమ్ముడు స్కూలు బస్సు డ్రైవరు. విందుకు తన కారులో వచ్చాడు. "నేను కారు నడుపుకుంటూ వెళ్ళాలి బావా, నాకు మందు వద్దు, అనాసరసం చాలు" అన్నాడు. బావమరిదిని ఆటపట్టించడం బావకు పుట్టుకతో వచ్చిన హక్కని ఆ ఇంట్లో అందరి నమ్మకం. ఒకసారి టీలో ఉప్పు కలిపాడు, ఇంకోసారి చొక్కా జేబులు కుట్టేయించాడు. ప్రతిసారీ తమ్ముడే ముందు నవ్వాడు. నిన్న బావ ఆ అనాసరసంలో వోడ్కా కలిపి భార్య వైపు కన్ను గీటాడు. గ్లాసు ఖాళీ కాకముందే మళ్ళీ నింపాడు. ఆమె కూడా నవ్వింది.

ఇంటికి వెళుతూ తమ్ముడు, సైకిలు మీద వస్తున్న బేకరీ పనివాణ్ణి గుద్దాడు. అతనికి ఇంకా స్పృహ రాలేదు. తమ్ముడు తాగి ఉన్నాడని పరీక్షలో తేలింది.

"వాడే పోసుకున్నాడు, మనం చూడలేదు. అంతే. ఇంకో ముక్క నీ నోట రాకూడదు" అన్నాడు భర్త.

"వాడు స్టేషన్లో రసమే తాగానంటున్నాడండీ. అమ్మే నమ్మట్లేదు. 'అక్కా, తాగి మర్చిపోయానా, నాకేమైనా మతి పోయిందా' అని నన్నే అడుగుతున్నాడు."

"లాయర్ని పెడదాం. నేను ఇరుక్కుంటే దుకాణం మూతపడుతుంది. పిల్లల సంగతి ఆలోచించు."

"వాడి లైసెన్సు పోతే వాడింట్లో పొయ్యి వెలగదు."

"సరదాకి చేశానే. ఏదో రెండు చుక్కలు ఎక్కువయ్యాయి."

"ఎన్ని చుక్కలో వాడికి తెలియనిచ్చారా మీరు?"

గంట మోగింది. ఆమె గుడ్డ గట్టు మీద పడేసి వెళ్ళి తలుపు తీసింది.

నడివయసు ఇన్‌స్పెక్టరు కుర్చీలో కూర్చుని, మంచినీళ్ళు అడిగి తాగాడు.

"మీ తమ్ముడు అబద్ధమాడుతున్నాడమ్మా. మాకు రోజూ ఉండేదే. మేం పట్టుకున్న ప్రతివాడూ రసమే తాగి ఉంటాడు."

భర్త నవ్వాడు. కాస్త ఎక్కువగానే నవ్వాడు. పరాయి మనిషి ముందు తన తమ్ముడు అబద్ధాలకోరుగా మిగలడం, దానికి ఈ నవ్వు వంత పాడడం ఆమె భరించలేకపోయింది.

"మందు కలిపింది మా ఆయన. వాడికి తెలియదు. నేను చూశాను, చూసి ఊరుకున్నాను. అది కూడా రాసుకోండి."

"తమ్ముడి మీద బెంగతో ఏదో మాట్లాడుతోందండీ..."

"మీరు ఆగండి." ఇన్‌స్పెక్టరు ఆమె వైపు తిరిగాడు. "మీ మీద కూడా కేసు రావచ్చు, తెలుసా?"

"రానివ్వండి. ఆ బేకరీ అతనికి ఎలా ఉంది?"

"ఇంకా ఏమీ చెప్పలేమంటున్నారు. ఇద్దరూ స్టేషనుకు రావాలి."

ఆమె చేతిసంచీ తీసుకుని గుమ్మం దగ్గర నిలబడింది. భర్త కుర్చీలోంచి లేవలేదు.

"వాడి ముఖం ఎలా చూడను?" అన్నాడు నేల వైపు చూస్తూ.

"చూడాలి. పదండి, నిన్నటినుంచీ వాడు అక్కడే కూర్చుని ఉన్నాడు."